ముందు ఆగాల్సింది మోటారున్నవాడే

ఎలక్ట్రిక్ సైకిలు కొన్న మూడో వారంలో ఒక పెద్దావిడ నన్ను నిలబెట్టి అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "ఏం బాబూ, బెల్లు కొట్టేస్తే దారి నీదైపోతుందా?"

చెట్ల మధ్య కంకర బాట అది. నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, సైకిళ్లవాళ్లు అందరూ వాడుకునేది. ముందు ఇద్దరు, భార్యాభర్తలనుకుంటా, పక్కపక్కన మాట్లాడుకుంటూ పోతున్నారు. నేను గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో వస్తున్నాను. పది మీటర్ల దూరంలోకి వచ్చాక బెల్లు కొట్టాను. ఆయన కుడికి జరిగాడు, ఆవిడ ఎడమకి జరిగింది. మధ్యలో సందు దొరికింది కదా అని నేను అటు తిప్పానో లేదో, ఆవిడకి ఏం తోచిందో ఏమో, ఆయన పక్కకే పోదామని ఒక్క గెంతులో మళ్లీ బాట మధ్యకి వచ్చేసింది. రెండు బ్రేకులూ కలిపి నొక్కేశాను. వెనక చక్రం కంకర మీద జారింది, నేను పక్కనున్న పొదలో పడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆవిడకి ఏమీ కాలేదు. కానీ ఆవిడ చేతులు వణకడం చూశాను.

సారీ అన్నాను గానీ లోపల మాత్రం ఒప్పుకోలేదు. నేను చేసిన తప్పేంటి? బెల్లు కొట్టాను. వేగం పరిమితి దాటలేదు. బండికి అన్ని అనుమతులూ ఉన్నాయి. ఆవిడే కదా అటూ ఇటూ గెంతింది. దారి పొడవునా ఇదే వాదించుకుంటూ ఇంటికొచ్చి, మోచేతికి కట్టు కట్టుకున్నాక కాగితం తీసుకుని లెక్క వేశాను. లెక్కలో ఓడిపోయాను.

మామూలుగా నడిచే మనిషి వేగం గంటకు 5 కిలోమీటర్లు. నాది 25. అంటే వాళ్లని నేను 20 కిలోమీటర్ల వేగంతో సమీపిస్తున్నాను, సెకనుకి అయిదున్నర మీటర్లు. పది మీటర్ల దూరంలో బెల్లు కొడితే వాళ్లకి మిగిలింది రెండు సెకన్ల లోపే. ఆ రెండు సెకన్లలో ఆవిడ బెల్లు వినాలి, అది తమ కోసమేనని అనుకోవాలి, ఏ పక్క నుంచి వస్తున్నామో తెలుసుకోవడానికి తల తిప్పాలి, ఎటు జరగాలో తేల్చుకోవాలి, పక్కనున్న ఆయన ఎటు జరుగుతున్నాడో కూడా చూసుకోవాలి. సరే, నా సంగతి? ప్రమాదం కంట పడ్డాక చెయ్యి బ్రేకు నొక్కడానికి ఎంత చురుకైనవాడికైనా సెకను, సెకనున్నర పడుతుంది. ఆ కాసేపట్లో పాతిక వేగం మీద బండి 7 నుంచి 10 మీటర్లు పోతుంది. కంకర మీద పూర్తిగా ఆగడానికి ఇంకో అంత. అంటే బ్రేకు మీద ఉండాల్సిన చోట నా వేలు బెల్లు మీద ఉంది. నేను చేసింది హెచ్చరించడం కాదు, భయపెట్టడం.

ఇంతకీ నేను చెబుతున్నది ఎలక్ట్రిక్ స్కూటరు గురించి కాదు. ఎలక్ట్రిక్ బైక్ అనగానే చాలామందికి అదే గుర్తొస్తుంది. నేననేది పెడల్సూ గొలుసూ ఉండి, తొక్కేటప్పుడు మోటారు సాయం పట్టే సైకిలు. యూరప్ చట్టం ప్రకారం దీని మోటారు సామర్థ్యం 250 వాట్లు దాటకూడదు, తొక్కితేనే సాయం రావాలి, గంటకు 25 కిలోమీటర్లు చేరాక మోటారు తప్పుకోవాలి. ఆ పైన పోవాలంటే మన కాళ్లే దిక్కు. అమెరికాలో చాలా రాష్ట్రాలు మూడు తరగతులుగా విడదీశాయి. మొదటిది తొక్కితేనే సాయం, 20 మైళ్ల దాకా, అంటే 32 కిలోమీటర్లు. రెండోదీ అంతే వేగం, కాకపోతే హ్యాండిల్ దగ్గరి త్రాటిల్, అంటే యాక్సిలరేటర్, తిప్పితే తొక్కకుండానే పోతుంది. మూడోది తొక్కితే 28 మైళ్ల దాకా, అంటే 45 కిలోమీటర్లు. ఈ మూడింటినీ పక్కపక్కన నిలబెడితే నడిచే మనిషి కంటికి మూడూ ఒకటే. అతనికి తెలిసేదల్లా చప్పుడు లేకుండా వెనక నుంచి ఏదో దూసుకుపోయిందని.

ఈ-బైక్ తొక్కేవాళ్లం వాదనలో చిక్కుకుంటే ఒక మాట అందుకుంటాం: "ఇదీ సైకిలే కదండీ." నేనూ అన్నాను, చాలాసార్లు. సగం నిజమే. మామూలు సైకిలు 10 నుంచి 14 కిలోలుంటే ఇది పాతిక దాకా ఉంటుంది, కొన్ని ముప్ఫై. అదేమంత పెద్ద తేడా కాదు, మనిషి బరువే ఎక్కువ కదా అంటారు. ఒప్పుకుంటాను. అసలు తేడా వేగంలో ఉంది. మనిషీ బండీ కలిసి వంద కిలోలనుకుంటే, 15 కిలోమీటర్ల వేగంతో తగిలిన దెబ్బ కంటే 25తో తగిలిన దెబ్బలో శక్తి దాదాపు 2.8 రెట్లు. వేగం పెరిగింది పది కిలోమీటర్లే అయినా దెబ్బ దాదాపు మూడింతలవుతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. బళ్లో చదివిన సూత్రమే, మోచెయ్యి గీసుకున్నాక గాని ఒంటబట్టలేదు.

దీనికి ఒక గట్టి జవాబు ఉంది. మా సైక్లింగ్ స్నేహితుడొకడు ఎప్పుడూ అదే అంటాడు. "పలచటి టైర్ల రోడ్డు సైకిలు మీద పోయే కుర్రాడు సొంత కాళ్లతో 35లో పోతాడు. వాడినెవరూ ఏమీ అనరు. నా మోటారు 25కే ఆగిపోతుంది. నన్నెందుకు ఆడిపోసుకుంటారు?" వాడు చెప్పేది అబద్ధం కాదు. ఇరుకు బాట మీద 35లో పోయే కుర్రాడూ తప్పు చేస్తున్నట్టే, వేగం ఎక్కడి నుంచి వచ్చిందన్నది తగిలినవాడికి అనవసరం. కానీ ఆ కుర్రాడు ఆ వేగానికి చేరడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. కాళ్లతోపాటు బ్రేకు మీది చెయ్యీ, మలుపు చదివే కన్నూ, జారే చక్రాన్ని నిలబెట్టే నడుమూ తయారయ్యాయి. నాకు వేగం మొదటి రోజే వచ్చేసింది, మిగతావేవీ రాలేదు. యాభై దాటి, మోకాళ్లు మొరాయించి, ఇరవై ఏళ్ల తర్వాత సైకిలెక్కినవాణ్ణి. నాలాంటివాళ్ల కోసమే ఈ బండ్లు వచ్చాయి, చాలా సంతోషం. అందుకే నాలాంటివాళ్ల గురించే భయం కూడా.

పైగా ఆ కుర్రాడు ఎత్తు ఎక్కేటప్పుడు మెల్లబడతాడు. నేను మెల్లబడను. కొండ బాట మీద కిందికి దిగేవాళ్లు మలుపు దగ్గర ఒక అంచనాతో ఉంటారు: కింది నుంచి వచ్చేది ఏదైనా రొప్పుతూ నెమ్మదిగా వస్తుందని. ఈ-బైక్ ఆ అంచనాని తలకిందులు చేసింది. ఎదురు ఎత్తున 20 వేగంతో, రొప్పు కూడా లేకుండా ప్రత్యక్షమవుతుంది.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి కారణమైన మాటకొస్తాను. మామూలు సైకిలు తొక్కేవాడు బ్రేకు వెయ్యడానికి ఎందుకు ఏడుస్తాడు? పొగరు కాదు. ఆ వేగాన్ని చెమటోడ్చి సంపాదించాడు. ఒకసారి బ్రేకు వేస్తే అదంతా రిమ్ము దగ్గర వేడిగా మారిపోతుంది, మళ్లీ మొదటి నుంచి తొక్కాలి. ప్రతి నడిచే మనిషి వెనకా నెమ్మదించడమంటే ప్రతిసారీ జేబులోంచి తీసి ఇవ్వడమే. అందుకే బెల్లు మోగిస్తూ, "వాళ్లే జరుగుతార్లే" అనుకుంటూ వచ్చేస్తాడు. అది మర్యాద కాదు గానీ అతని బాధ అర్థమవుతుంది. మరి నాకేం బాధ? నేను ఆగితే పోయేది బ్యాటరీలో చిటికెడు. మళ్లీ రెండు తొక్కులు తొక్కితే పాతిక. వేగం నాకు ఊరికే వచ్చింది, కాబట్టి వదులుకోవడమూ ఊరికే. ఈ లెక్కన బాట మీద అందరికంటే మర్యాదస్తుడు ఈ-బైక్ మనిషే అయ్యుండాలి. బయట చూస్తే వ్యవహారం దాదాపు తిరగబడి ఉంది.

ఈ ఒక్క మాట పట్టుకుంటే పాత నియమాలు కొన్ని మార్చుకోవాల్సి వస్తుంది. కొండ బాటల మీద సైకిళ్లవాళ్లలో ఒక ఆచారముంది: దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి. ఎక్కేవాడు ఒకసారి ఆగాడంటే ఆ ఏటవాలులో మళ్లీ కదలడం నరకం, అందుకని. న్యాయమైన నియమం. కానీ ఎక్కేవాడి కింద మోటారుంటే? నేను ఎంత ఎత్తులో ఆగినా మళ్లీ కదలగలను. దిగేవాడు కంకర మీద జారుతూ ఆగడం నా ఆగడం కంటే కష్టం కూడా. రాసిపెట్టిన నియమం ప్రకారం హక్కు నాదే, ఇప్పటికీ. చాలాసార్లు ఆ హక్కు వదిలేసి, పక్కకి తీసి, కాలు నేల మీద ఆనించి నిలబడతాను. దీనికి ఈ-బైక్ గుంపుల్లో నన్ను చాదస్తుడంటారు. అననీ. కాకపోతే ఎదుటివాడు ముందే ఆగిపోతే మాత్రం "మీరు రండి, మీరు రండి" అని నాటకమాడకుండా చెయ్యెత్తి వెళ్లిపోతాను. అతి మర్యాదతో బాట మీద ఇద్దరూ ఇరుక్కుపోవడం ఇంకో రకం ప్రమాదం.

నడిచేవాళ్ల విషయంలో మినహాయింపు లేదు. అమెరికా ట్రైల్స్ మొదట్లో ఒక త్రికోణం బోర్డు కనిపిస్తుంది: సైకిలు నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారివ్వాలి, నడిచేవాళ్లు గుర్రాలకి దారివ్వాలి. దారివ్వడం అంటే బెల్లు కొట్టి దారి పుచ్చుకోవడం కాదని ఆ పెద్దావిడ నాకు నేర్పింది. ఇప్పుడు నేను చేసేది ఇది. ముప్ఫై మీటర్ల దూరంలో ఒక్కసారి, మెత్తగా బెల్లు. అప్పుడే సాయం తగ్గిస్తాను. వాళ్లు తల తిప్పారా లేదా చూస్తాను. తిప్పకపోతే చెవుల్లో ఏదో పెట్టుకుని ఉంటారు, ఇంకో బెల్లు కొడితే ప్రయోజనం లేదు, నడక వేగానికి దిగి నోటితో పలకరించాలి. ఏ పక్క నుంచి వెళ్తున్నానో చెబితే మంచిదని అంటారుగానీ, నా అనుభవంలో కంగారులో ఉన్న మనిషికి "ఎడమ" అని అరిస్తే సగంమంది ఎడమకే జరుగుతారు. "వెనక సైకిలండీ, నెమ్మదిగా వెళ్తున్నా" అంటే చాలు. మనిషి గొంతు వినబడగానే భుజాలు దిగుతాయి. దాటేటప్పుడు చెయ్యి చాస్తే తగలనంత దూరం ఉంచుకుని, నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో దాటాలి. దాటాక ఒక్కసారిగా దూసుకుపోకూడదు. కాళ్ల దగ్గర కంకర ఎగిరితే అప్పటిదాకా చూపిన మర్యాదంతా దుమ్ములో కలుస్తుంది.

పిల్లలు, కుక్కలు ఉన్నచోట ఈ లెక్కలేవీ పనిచేయవు. వాళ్లని దాటేది సైకిలు నడిపించుకుంటూనే అనుకోండి, పోయేదేం లేదు.

గుర్రాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సైకిలువాళ్లలో చాలామందికి ఇది తెలియదు. గుర్రం వేటగాడు కాదు, వేటాడబడే జంతువు. భయం వేస్తే ఆలోచించదు, పరుగెడుతుంది. సరిగ్గా తోక వెనక దానికి కనబడని చోటు ఉంటుంది. అక్కడ చప్పుడు చేయని బండి వచ్చి నిలబడితే దాని దృష్టిలో అది పులే. కాబట్టి దూరంగానే ఆగి మాట్లాడాలి, ఏ మాటైనా పర్లేదు. గొంతు వింటే అది మనిషేనని దానికి తెలుస్తుంది. బెల్లు వద్దు. పైన కూర్చున్నవాళ్లు ఎలా రమ్మంటే అలా వెళ్లాలి. వాలు బాట మీద ఆగాల్సొస్తే పల్లం వైపు నిలబడమని గుర్రాలవాళ్లు చెబుతారు, ఎత్తున కనబడే ఆకారం దానికి మీద పడబోయే మృగంలా తోస్తుందట. హెల్మెట్టూ నల్ల కళ్లద్దాలూ పెట్టుకున్న నన్ను చూస్తే నాకే అలా అనిపిస్తుంది.

బండి లోపలి సంగతి ఒకటి తెలుసుకోకపోతే ఎంత మంచి మనసున్నా సరిపోదు. ఈ-బైక్ సెన్సార్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెడల్ మీద ఎంత బలం పెట్టామో కొలిచి అంతకు తగ్గట్టు సాయం చేస్తుంది. రెండోది పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తుంది. తిరిగితే మోటారు నడుస్తుంది, మనం మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా దానికి పట్టదు. చవక బండ్లలో ఎక్కువగా ఈ రెండోదే. తొక్కడం మొదలెట్టాక అరక్షణం ఆలస్యంగా ఒక్క తోపు తోస్తుంది, ఆపాక కూడా అరక్షణం తోస్తూనే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద అది సరదా. ఇరుకు చెక్క వంతెన మీద, ముందు ఎవరో తోపుడుబండిలో పసిపిల్లని తీసుకెళ్తుంటే, ఆ అరక్షణానికి గుండె నోట్లోకి వస్తుంది. నాకొచ్చింది. అప్పటి నుంచి జనం కనబడగానే సాయం అన్నిటికంటే కింది మెట్టుకి దించుతాను, లేదా పూర్తిగా ఆపేస్తాను. త్రాటిల్ ఉన్న బండైతే బొటనవేలు దాని మీద నుంచి తీసేయాలి. తుళ్లిపడినప్పుడు చెయ్యి బిగుసుకుంటుంది, బిగుసుకుంటే త్రాటిల్ తిరుగుతుంది. కొన్ని బండ్లకి బ్రేకు పట్టగానే మోటారు కరెంటు తెగిపోయే ఏర్పాటు ఉంటుంది. మీ బండికి ఉందో లేదో జనం లేని చోట ఒకసారి చూసుకోండి.

లైటు సంగతి చిన్నదే. పెద్ద బ్యాటరీ ఉంది కదా అని మోటార్‌సైకిల్ లైటంత బిగిస్తున్నారు. ఎదుటివాడి కళ్లల్లో కొట్టకుండా కిందికి వంచుకోవాలి, అంతకంటే చెప్పడానికేం లేదు.

బురద గురించి మాత్రం ఈ-బైక్‌లని అన్యాయంగా తిడుతున్నారని నా అభిప్రాయం. బాటలు చెడగొట్టేస్తాయంటారు. అంతర్జాతీయ మౌంటెన్ బైసికిల్ సంఘం 2015లో ఓరెగన్‌లోని ఒక అడవి బాటల మీద కొలిపిస్తే, పెడల్ సాయంతో నడిచే ఈ-బైక్ కదిల్చిన మట్టి మామూలు మౌంటెన్ బైక్‌కి దగ్గర్లోనే ఉంది, మోటార్‌సైకిల్ కంటే చాలా తక్కువ. చిన్న పరీక్షే, ఒకే చోట చేసినదే, కాబట్టి ఎగిరి గంతెయ్యక్కర్లేదు. తడి బాట మీద పోవద్దన్న నియమం అందరికీ ఒకటే. మోటారుతో అదనంగా వచ్చే బుద్ధి ఒకటుంది: మామూలు సైకిలువాడు బురదలో అలసిపోయి వెనక్కి తిరుగుతాడు, మనం తిరగం.

ఆ సంఘం చరిత్ర కూడా తమాషాగా ఉంటుంది. 1980ల్లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ కొండల మీద లావు టైర్ల సైకిళ్లు పెరిగిపోయినప్పుడు నడిచేవాళ్లూ గుర్రాలవాళ్లూ గగ్గోలు పెట్టారు. అక్కడి బాటల మీద గంటకు 15 మైళ్ల పరిమితి వచ్చింది, కనబడని మలుపుల దగ్గర 5 మైళ్లే. 1984లో అమెరికా అటవీ శాఖ 'వైల్డర్‌నెస్' ప్రాంతాల్లో, అంటే సహజంగా ఉన్నది ఉన్నట్టే ఉంచాలని చట్టం చెప్పిన చోట్ల, సైకిళ్లని పూర్తిగా నిషేధించింది. ఆ దెబ్బలు తిన్న సైకిలువాళ్లే 1988లో సంఘం పెట్టుకుని, బాట మీద ఎలా మెలగాలో నియమాలు రాసుకుని, జనంలో పేరు తెచ్చుకుంటూ వచ్చారు. ఇవాళ ఈ-బైక్‌ల మీద నిషేధం కావాలంటున్నవాళ్లలో ఆ సైకిలువాళ్లూ ఉన్నారు. అత్త అయ్యాక కోడలు రోజులు మర్చిపోయినట్టు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కష్టపడి సంపాదించుకున్న చోటు మా మూలంగా పోతుందేమోనని వాళ్ల భయం, అది ఉత్త భయమేమీ కాదు.

ఎందుకంటే చోటు పోవడం జరిగిన పనే. ఆమ్‌స్టర్‌డామ్‌లో నీలం నంబరు ప్లేటు ఉన్న చిన్న మోపెడ్‌లు సైకిల్ దారుల మీద తిరిగేవి. వాటికి చట్టం ఇచ్చిన పరిమితి గంటకు 25 కిలోమీటర్లు. కాగితం మీద 25, దారి మీద అంతకు చాలా ఎక్కువ. చివరికి 2019 ఏప్రిల్‌లో నగరం వాటిని సైకిల్ దారుల నుంచి తీసేసి, హెల్మెట్ పెట్టించి, కార్ల మధ్యకి పంపింది. పద్ధతిగా నడిపినవాళ్లు కూడా వెళ్లాల్సొచ్చింది. ఇప్పుడు మోటారు తాళం విప్పేసిన ఈ-బైక్‌లు కనబడుతున్నాయి, ఫోన్లో ఒక మీట నొక్కితే 25 బండి 45 అవుతుంది. పిల్లలు సరే, నా వయసువాళ్లు కూడా చేస్తున్నారు. తాళం విప్పిన బండిని "సైకిలే కదండీ" అనడానికి నాకు నోరు రాదు. దాని చోటు రోడ్డు, దానికి కావాల్సింది నంబరు ప్లేటు.

నిషేధం మాత్రం నేను ఒప్పుకోను. మోటారు లేకపోతే నేను ఆ చెట్ల కిందికి వెళ్లలేను. గుండె ఆపరేషన్ అయినవాళ్లు, కీళ్లు అరిగినవాళ్లు, కుర్రకారుతో సమానంగా పోలేక ఇంట్లో ఉండిపోయే భార్యలూ భర్తలూ ఎంతోమంది. మా అందరినీ ఒక్క బోర్డుతో బయటికి పంపేయడం కంటే మలుపుల దగ్గర, ఇరుకు చోట్ల వేగానికి కళ్లెం వేస్తే సరిపోతుంది, అది అన్ని చక్రాలకీ వర్తించేలా. నడిచేవాళ్లు కూడా నలుగురు బాటంతా పరుచుకుని నడవకుండా ఉంటే బాగుంటుంది, ఒక చెవైనా ఖాళీగా ఉంచుకుంటే ఇంకా బాగుంటుంది. ఆ మాట వాళ్లతో అనే హక్కు మనం ముందు ఆగడం నేర్చుకున్నాక వస్తుంది.

ఇంతా రాసి దాచకూడదు కాబట్టి పోయిన నెల జరిగింది కూడా చెప్పేస్తాను. ఇంటికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లుందనగా బ్యాటరీ అయిపోయింది. రాత్రి చార్జింగ్ పెట్టడం మర్చిపోయాను. పాతిక కిలోల ఇనుముని ఉత్త కాళ్లతో తొక్కుతూ, ప్రతి చిన్న ఎత్తుకీ తిట్టుకుంటూ వస్తున్నాను. ఒక చిన్న పల్లంలో కాస్త ఊపు దొరికింది, ఎదురుగా మళ్లీ ఎత్తు. సరిగ్గా అక్కడే ముగ్గురు నడుస్తున్నారు. బ్రేకు వెయ్యాలని తెలుసు. వెయ్యబుద్ధి కాలేదు. బెల్లు కొట్టాను. దగ్గరికొచ్చాక మళ్లీ కొట్టాను. వాళ్లు కంగారుగా గడ్డిలోకి దిగి దారిచ్చారు. సారీ చెబుదామంటే ఊపిరి లేదు.